గ్లాసు గెలిచాం, గింజ మాటేమిటి?



పోయిన ఆదివారం ఉప్పు చరిత్ర రాశాను. ఈ వారం చెప్పుల గురించి రాస్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మధ్యలో ఒక ప్రశ్న వచ్చి పడింది. దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేను.

మొన్న మా ఇంట్లో స్టడీ సర్కిల్ పెట్టుకున్నాం. పిల్లలు పదకొండు మంది వచ్చారు. ఆరోజు చదవాల్సింది రాజ్యాంగంలోని 15, 17 అధికరణాలు. అందరూ వచ్చేలోగా నేను వంటింట్లో కాఫీ గింజలు తూకం వేసుకుంటున్నాను. ఒక గిన్నెలో అరకు అరబికా, ఇంకో గిన్నెలో కొడగు రోబస్టా, చిన్న సీసాలో చికోరీ పొడి. పీజీ చదివే తమ్ముడొకడు గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అక్కా, ఏమనుకోవద్దు. ఈ ఫిల్టరు, ఈ తూకాలు, ఇదంతా అగ్రహారం అలవాటు కదా. మనకెందుకక్కా?"

నేను నవ్వి ఊరుకున్నాను. కాఫీ కలిపాను, అందరూ తాగారు, వాడూ తాగాడు. కానీ వాడి మాట వారమంతా నన్ను వదల్లేదు. ఎందుకంటే వాడి వయసులో నేనూ అదే అనుకున్నాను. తమ్ముడూ, నువ్వడిగింది తప్పు కాదు. సగం నిజమే. ఆ సగమేమిటో, మిగతా సగమేమిటో ఈ రోజు రాస్తాను. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ సగం నిజం గురించి.

మా నాన్న తెనాలి వైపు ఒక పల్లెలో పుట్టాడు. ఆయనకు పదేళ్లప్పుడు, అంటే 1958 ప్రాంతంలో, ఊరి సెంటర్లో ఒక కాఫీ హోటలు ఉండేది. లోపల బల్లలు, బయట అరుగు. ఊళ్లోవాళ్లు బల్లల దగ్గర కూర్చుని తాగేవాళ్లు. వాడ నుంచి వెళ్లినవాళ్లకు చూరులో దోపిన సత్తు గ్లాసులుండేవి. ఎవరి గ్లాసు వాళ్లే తీసుకోవాలి, వాళ్లే కడుక్కోవాలి, చాచి పట్టుకోవాలి. హోటలతను పైనుంచి పోసేవాడు. తాగాక మళ్లీ కడిగి చూరులో దోపి పోవాలి. డబ్బులు మాత్రం అందరికీ ఒకటే రేటు. మా తాత వరి కోతల కూలి డబ్బుల్లోంచి ఆ కాఫీ కొని, తను సగం తాగి, సగం నాన్నకిచ్చేవాడట.

అప్పటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఎనిమిదేళ్లు. దుకాణాల్లోకి, హోటళ్లలోకి వెళ్లడానికి కులం అడ్డు రాకూడదని 15వ అధికరణం రెండో క్లాజు చెబుతోంది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. దాని కింద 1955లో చట్టం వచ్చింది. హోటళ్లలోకి రానీయకపోవడం, అక్కడ అందరికీ పెట్టిన పాత్రలు వాడనీయకపోవడం శిక్షించదగిన నేరాలని ఆ చట్టంలోనే ఉంది. ఒక్కసారి ఆలోచించండి. ఒక దేశపు పార్లమెంటు కూర్చుని, హోటల్లో గ్లాసు గురించి చట్టం రాయాల్సి వచ్చింది. ఆ చట్టం వచ్చి మూడేళ్లయినా మా నాన్న గ్లాసు చూరులోనే ఉంది. రెండు గ్లాసుల పద్ధతి గురించి మీలో చాలామంది మీ ఇళ్లలోనే విని ఉంటారు. కొందరు చూసి కూడా ఉంటారు.

కాఫీకీ కులానికీ ఉన్న ఈ లంకె గురించి చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి తమిళనాడు ఆధారాలతో వివరంగా రాశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తమిళ ప్రాంతంలో కాఫీ అంటే పై కులాల, మధ్యతరగతి మర్యాదకు గుర్తు. టీ అంటే కూలీల పానీయం. బ్రాహ్మణ కాఫీ హోటళ్ల గడప దగ్గరే కులం ఆపేసేది. పెరియార్ ఉద్యమం ఈ హోటళ్ల మీద ఏళ్ల తరబడి పోరాడింది. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీది 'బ్రాహ్మణ' అన్న మాట తీయించడానికి నెలల తరబడి సత్యాగ్రహం చేసి, వందల మంది జైలుకెళ్లారు. ఒక్క మాట కోసం అంతమందా అని కొందరు ఆశ్చర్యపోతారు. మహద్‌లో 1927లో బాబాసాహెబ్ చెరువు నీళ్లు తాగింది దాహం వేసి కాదు కదా. ఇదీ అంతే.

కాబట్టి తమ్ముడూ, కాఫీ తాగే చోటు చరిత్ర నువ్వన్నట్టే అగ్రహారం చరిత్ర. కానీ కాఫీ చరిత్ర గ్లాసు దగ్గర మొదలవదు. గింజ దగ్గర మొదలవుతుంది. నేను ఇంట్లో గింజలు కలపడం మొదలుపెట్టాకే నాకు ఆ సంగతి అర్థమైంది.

నేను కలపడం నేర్చుకున్నది సరదాకి కాదు, కోపంతో. మా వాడకు వచ్చేది ఎప్పుడూ చవక పొడే. నల్లగా, చిక్కగా దిగేది, తాగితే నాలుక మీద బెల్లం మాడినట్టుండేది. కాఫీ అంటే అదే అనుకున్నాను. ఉద్యోగం వచ్చాక ఒకసారి ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదివాను. దాదాపు సగం చికోరీ. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలని నిబంధన. అంటే మిగతా 49 వరకూ చికోరీ వేసి అమ్మొచ్చు, అది చట్టబద్ధమే. మేం ఇన్నాళ్లూ కొన్నది సగం వేరు. చికోరీ చెడ్డదని కాదు, కానీ నాకు తెలిసి కొనుక్కోవాలి కదా. అప్పటి నుంచి గింజలు వేరేగా, చికోరీ వేరేగా తెచ్చుకుంటున్నాను. నా గ్లాసులో ఏముందో నేనే నిర్ణయించుకోవాలనుకున్నాను.

ఇప్పుడు కలిపే పద్ధతి చెప్తాను. దీనికి పెద్ద విద్య అక్కర్లేదు.

వేయించిన గింజలే కొనండి. రెండు రకాలనూ విడివిడిగా వేయించినవి తీసుకోండి. అరబికా, రోబస్టా గింజల గట్టిదనం, తేమ, సైజు వేరు. కలిపి వేయిస్తే ఒకటి మాడుతుంది, ఇంకోటి పచ్చిగా ఉంటుంది. వేయించిన గింజలోంచి కొన్ని రోజులపాటు గాలి బయటికి వస్తూనే ఉంటుంది. అందుకని నాలుగైదు రోజులు ఆగి వాడితే రుచి కుదురుకుంటుంది. స్పూన్లతో కొలవొద్దు, త్రాసు మీద తూకం వేయండి. బాగా నల్లగా వేగిన గింజ ఉబ్బి తేలికవుతుంది. ఒకే గిన్నెడు తీసుకున్నా, లేతగా వేగిన గింజకన్నా దాని బరువు తక్కువ ఉంటుంది. మొదట ఒక్కో రకాన్ని విడిగా, పాలు లేకుండా రుచి చూడండి. అరబికాలో వాసన, చిన్న పులుపు, తీపి ఉంటాయి. రోబస్టాలో చేదు, చిక్కదనం. అందులో కెఫీన్ దాదాపు రెట్టింపు. తర్వాత ఇరవై ఇరవై గ్రాముల చొప్పున చిన్న చిన్న పాళ్లు కలిపి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, నోటు పుస్తకంలో రాసుకోండి. పాలు పోశాక రుచి మారిపోతుంది కాబట్టి పాలతో కూడా చూడండి. చికోరీ పొడిగా వస్తుంది, గింజలు ఆడించాకే కలపండి.

నా పాళ్లు ఇవి: అరబికా 120 గ్రాములు, రోబస్టా 80 గ్రాములు. చిక్కగా కావాలనే నాన్న కోసం దాంట్లో చికోరీ 20 గ్రాములు. అంతే.

ఇక ఈ మూడు గిన్నెల్లో ఉన్న చరిత్ర చూద్దాం.

మొదటి గిన్నె: రోబస్టా

మన దేశంలో కాఫీ కథ ఎవరు చెప్పినా బాబా బుడన్‌తో మొదలుపెడతారు. ఆ సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు దగ్గరి చంద్రగిరి కొండల్లో నాటాడని ఐతిహ్యం. పదిహేడో శతాబ్దం మాట. బ్రాహ్మణ పానీయంగా పేరుపడ్డ కాఫీని ఈ దేశానికి తెచ్చింది ఒక ముస్లిం ఫకీరని జనం చెప్పుకునే కథే చెబుతోంది. అది గుర్తుంచుకోండి. కానీ ఆ కథ ఏడు గింజల దగ్గరే ఆగిపోతుంది. ఆ గింజలు వేల ఎకరాలు ఎలా అయ్యాయో చెప్పదు. దానికి కూలీలు కావాలి.

కొడగును 1834లో కంపెనీ కలుపుకుంది. అప్పటికి అక్కడ ఎరవలు, హొలెయలు భూమికి కట్టుబడిన బానిసలు. పక్కనే వయనాడ్‌లో పణియలు, అడియలు. 1843 చట్టంతో కోర్టులు బానిసత్వాన్ని గుర్తించడం మానేశాయి. మనిషిని నా ఆస్తి అని చెప్పుకునే హక్కు కాగితం మీద పోయింది. కానీ ఆ మనిషికి సెంటు భూమి ఇవ్వలేదు. సరిగ్గా ఆ తర్వాతి దశాబ్దాల్లోనే తెల్ల దొరల కాఫీ ఎస్టేట్లు ఈ కొండలన్నిటా పెరిగాయి. యజమాని మారాడు, పంట మారింది, కింద చేసేవాళ్లు వాళ్లే. వయనాడ్‌లో వళ్లియూర్‌కావు గుడి ఉత్సవంలో పణియలను, అడియలను ఏడాది పనికి కుదుర్చుకునే ఆచారం ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం నడిచింది. వెట్టి చాకిరీ రద్దు చట్టం రావడానికి 1976 దాకా పట్టింది.

స్థానికులు చాలకపోతే బయటి నుంచి తెచ్చారు. మైసూరు, కొడగు తోటలకు మేస్త్రీలు మనుషుల్ని పట్టుకొచ్చేవాళ్లు. ముందు అడ్వాన్సు ఇస్తారు. కరువులో, పెళ్లికో చావుకో ఆ డబ్బు తీసుకున్న కుటుంబం తోటకు నడవాలి. మధ్యలో పారిపోతే? 1859లో వచ్చిన 13వ నంబరు చట్టం ఉంది. అడ్వాన్సు తీసుకుని పని చేయకపోతే అది అప్పు కాదు, నేరం. కూలీని జైల్లో పెట్టొచ్చు. కూలి ఎగ్గొట్టిన దొరను మాత్రం ఆ చట్టం జైల్లో పెట్టదు. 1920ల మధ్య దాకా ఆ చట్టం బతికే ఉంది. మన జిల్లాల్లో పాలేరుతనం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

సముద్రం దాటి సిలోన్‌కు కూడా వెళ్లారు. 1830ల నుంచి కాండీ కొండల్లో కాఫీ తోటలు లేచాయి. తమిళ జిల్లాల నుంచి కంగాణీల వెనక నడిచి, మన్నార్ దగ్గర దిగి, అడవి దారి పట్టి కొండలకు వెళ్లిన ఆ కూలీల్లో పళ్లర్లు, పరైయర్లు, అరుంధతియర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కలరాతో, జ్వరాలతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవాళ్లు వేలల్లో. ఊళ్లో అంటరానివాళ్లు కాబట్టి భూమి లేదు, భూమి లేదు కాబట్టి తోటకు పోయారు.

1869లో సిలోన్ కాఫీకి ఆకు తుప్పు తెగులు పట్టింది. ఆకు వెనక పసుపు పొడిలాంటి మచ్చలు, తర్వాత చెట్టు బోడి. ఇరవై ఏళ్లు తిరక్కుండా అక్కడ కాఫీ కూలిపోయి, దాని స్థానంలో టీ వచ్చింది. మన కొండల్లో అరబికాకూ అదే తెగులు. దాన్ని తట్టుకునే రకం కోసం వెతుకులాటలోనే కాంగో అడవుల చెట్టు 1900 ప్రాంతంలో జావాకు, అక్కడి నుంచి మనవైపుకు చేరింది. అదే రోబస్టా. ఆ 80 గ్రాములు నా గిన్నెలోకి వచ్చింది రుచి కోసం మొదలైన ప్రయాణంలో కాదు, ఒక తెగులు వల్ల. ఒకే రకం మొక్కను కొండలకు కొండలు నాటిన దురాశ వల్ల.

స్వతంత్రం తర్వాత 1951లో తోట కార్మికుల చట్టం వచ్చింది. ఇల్లు, ఆసుపత్రి, పిల్లల కోసం క్రెష్ ఇవ్వాలన్నారు. ఇల్లంటే ఎస్టేటు లైన్లలో ఒక గది. పని ఉన్నన్నాళ్లే ఆ గది. భూమి మాత్రం ఎస్టేటుదే. 2016 డిసెంబరులో కొడగులోని దిడ్డళ్లిలో అటవీ శాఖ వందల ఆదివాసీ గుడిసెలు కూల్చేసింది. వాళ్లలో చాలామంది తరతరాలుగా కాఫీ ఎస్టేట్ల లైన్లలో బతికి, మాకంటూ ఒక గుడిసె కావాలని బయటికొచ్చినవాళ్లు. 1843 నుంచి 2016 దాకా లెక్కేసుకోండి. ప్రశ్న మారలేదు.

రెండో గిన్నె: అరబికా

ఇది మన తూర్పు కనుమలది. ఇక్కడి కథ వేరేగా నడిచింది. ఆ తేడా కోసమే ఈ పోస్టు రాస్తున్నాను.

తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో 1898లో ఒక ఇంగ్లీషు దొర కాఫీ నాటించాడు. 1920ల్లో అది పుల్లంగి, గూడెం కొండలకు పాకింది. గూడెం అనగానే మీకేం గుర్తొస్తుంది? 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో ఆదివాసులు తిరగబడ్డ చోటు. పోడు కొట్టొద్దన్న అటవీ ఆంక్షలు, ఘాట్ రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టిన వెట్టి, ఆ తిరుగుబాటుకు కారణాలు. కాఫీ మొక్క, తిరుగుబాటు దాదాపు ఒకే కాలంలో ఒకే కొండల మీద మొలిచాయి.

స్వతంత్రం వచ్చాక 1960ల్లో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో కాఫీ పెంచింది. ఆ తర్వాత కాఫీ బోర్డు, పాడేరు ఐటీడీఏ కలిసి ఆదివాసీ కుటుంబాల సొంత భూముల్లో కాఫీ వేయించాయి. పోడు బదులు, సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. ఇప్పుడు ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొడగులో దొర ఎస్టేటు, మన ఏజెన్సీలో ఆదివాసీ తోట. ఎందుకీ తేడా? కొండ మీద గాలి మంచిదనా? కాదు. 1959లో షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో సవరించాక మనం దాన్నే 1/70 అంటున్నాం. ఏజెన్సీలో భూమి ఆదివాసేతరుల చేతికి పోకూడదని అది చెబుతుంది. 1990ల్లో అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు ఇచ్చినప్పుడు ఆదివాసులు కోర్టుకెళ్లారు. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి లేదని తేల్చింది. ఈ రోజు అనంతగిరి కాఫీ అని గర్వంగా తాగుతున్నాం. ఆ తీర్పు రాకపోతే ఆ కొండల్లో ఏ తోట మిగిలేదో, ఏది గుంట అయ్యేదో ఆలోచించండి.

అక్కడ అంతా బాగుందని నేననడం లేదు. 1/70 ఉన్నా దొడ్డిదారిన భూములు పోతూనే ఉన్నాయి. దళారీ దగ్గర ముందే డబ్బు తెచ్చుకుని, పంట చేతికి రాకముందే గింజ అమ్ముకునే కష్టం ఉంది. పట్నంలో ఒక కప్పు ధరకూ, కొండ మీద కిలో పండు ధరకూ పొంతన ఉండదు. అయినా ఒక్క తేడా చాలా పెద్దది. అక్కడ పండు కోసే అమ్మ తన చెట్టు పండే కోస్తుంది. మేస్త్రీ వెళ్లిపొమ్మంటే వెళ్లాల్సిన పని లేదు.

కోత అంటే ఏమిటో కూడా చెప్పాలి. కాఫీ పండ్లన్నీ ఒకేసారి పండవు. ఎర్రబడ్డవి మాత్రమే చూసి, ఒక్కొక్కటే వేళ్లతో తెంపాలి. అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. ఎక్కువగా ఈ పని చేసేది ఆడవాళ్లే. సుమారు ఐదారు కిలోల పండు నుంచి కిలో పచ్చిగింజ వస్తుంది. వేయిస్తే అందులో ఆరో వంతు దాకా బరువు పోతుంది. నా వంటింట్లోని 200 గ్రాముల వెనక కిలోకు పైగా పండు ఉంది. అంటే కొన్ని వందల సార్లు ఒక స్త్రీ చెయ్యి కొమ్మ మీదికి వెళ్లి వచ్చింది. తూకం వేసేటప్పుడు నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది. పత్తి తీసిన మా అమ్మ చేతులు, మిరపకాయలు కోసిన మా పెద్దమ్మ చేతులు గుర్తొస్తాయి.

మూడో సీసా: చికోరీ

ఇది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, కొంచెం మాడిన తీపి ఇస్తుంది. యూరప్‌లో ఇది బాగా పాకింది నెపోలియన్ కాలంలో. 1806లో అతను ఇంగ్లండుతో వ్యాపారం బంద్ చేశాక కాఫీ కరువైంది, జనం చికోరీతో సరిపెట్టుకున్నారు. మన దగ్గర గుజరాత్‌లో ఎక్కువగా పండుతుంది. లేనివాడి కాఫీని పొడిగించడానికి వచ్చిన వేరు ఇది. తర్వాత అదే రుచి అయింది, ఆ తర్వాత అదే 'సంప్రదాయం' అయింది. ఇప్పుడు 'అసలైన సంప్రదాయ ఫిల్టరు కాఫీ' అని అమ్మేదాంట్లో ఎంత భాగం ఒక యుద్ధపు కరువు నుంచి, ఎంత భాగం ఒక తెగులు నుంచి వచ్చిందో మీరే చూశారు కదా. సంప్రదాయం అన్న మాట ఎవరన్నా మన మీదికి విసిరినప్పుడు దాన్ని ఇలాగే విడదీసి, విడివిడిగా రుచి చూడండి.

ఇది మన ఒక్క దేశపు కథ కాదు. 1780ల చివర ప్రపంచపు కాఫీలో దాదాపు సగం ఒక్క సెయింట్ డొమింగ్ వలస రాజ్యం నుంచే వచ్చేది. అక్కడ పండించినవాళ్లు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1791లో వాళ్లు తిరగబడ్డారు. 1804లో ఆ వలస రాజ్యం హైతీ పేరుతో స్వతంత్ర దేశమైంది. బ్రెజిల్ కాఫీ తోటల్లో మాత్రం 1888 దాకా బానిసత్వం నడిచింది. ఈ మధ్యలో, 1873లో, పూణేలో కూర్చుని జోతిరావు ఫూలే 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చాడు. అంత దూరంలో ఉన్న తోట బానిసనూ, మన ఊరి శూద్రాతిశూద్రుణ్నీ ఒకే వాక్యంలో చూడగలిగినవాడు ఆయన. మనం కూడా మన గ్లాసులోంచి అంత దూరం చూడాలి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను. "మనకెందుకక్కా?"

మనకెందుకంటే, ఇది మనది కాబట్టి. కాఫీ తాగే పద్ధతిని వాళ్లు తమదిగా చెప్పుకున్నారు. డబరా ఎలా పట్టుకోవాలి, నురగ ఎంత ఎత్తున రావాలి అని పుస్తకాలు రాసుకున్నారు. రాసుకోనీ. కానీ అడవి కొట్టింది, మొక్క నాటింది, పండు తెంపింది, మూట మోసింది మనవాళ్లు, మనలాంటివాళ్లు. చేసినవాడికి గ్లాసు లేదు, గ్లాసు ఉన్నవాడికి చేతికి మట్టి లేదు. ఈ చరిత్ర తెలియకుండా కాఫీని వాళ్లకు వదిలేయడమంటే, రెండోసారి చూరు కింద నిలబడటమే.

అయితే ఇంతటితో నా మనసుకు నేను సర్దిచెప్పుకోలేను. ఇంకో మాట మీతో, నాతో కూడా అనాలి. మనం గ్లాసు కోసం పోరాడాం. అది చిన్న పోరాటం కాదు. చాలా ఊళ్లలో గెలిచాం, కొన్ని ఊళ్లలో ఇంకా గెలవాలి. కానీ గ్లాసు గెలిచినంత మాత్రాన గింజ మనది కాలేదు. హోటల్లో బల్ల దగ్గర కూర్చునే హక్కు 15వ అధికరణం ఇచ్చింది. ఆ బల్ల మీదికి వచ్చే పంటలో, ఆ పంట పండే నేలలో మన వాటా ఏ అధికరణంలో ఉందో వెతకండి. ఆదివాసులకు 1/70 ఉంది కాబట్టి, ఎన్ని చిల్లులున్నా, అరకులో తోట వాళ్లది. మైదానంలో దళితుడికి అలాంటి కంచె ఏదీ లేదు. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి కూడా ఎలా చేతులు మారిందో మీ ఊళ్లోనే అడిగి చూడండి. కొడగు రోబస్టా, అరకు అరబికా నా గిన్నెలో కలిసిపోతాయి. కానీ వాటి వెనక ఉన్న రెండు భూమి చరిత్రలు కలవవు. ఒకటి కూలీ చరిత్ర, ఒకటి రైతు చరిత్ర. మన ఉద్యమం మొదటిదాన్నుంచి రెండోదానికి ఎలా నడవాలి అన్నదే అసలు ప్రశ్న.

ఇంకొకటి. ఈ రోజు నేను ఉద్యోగస్తురాలిని. ఆదివాసీ పండించిన గింజ డబ్బిచ్చి కొనుక్కునే స్థితిలో ఉన్నాను. అంటే నేనిప్పుడు గ్లాసు వైపు ఉన్నాను. ఇది కూడా నేను లెక్కలో వేసుకోవాలి. అందుకే కొనేటప్పుడు ఇది ఎక్కడ పండింది, ఎవరు కొన్నారు, రైతుకు ఎంత చేరింది అని అడుగుతాను. ఎప్పుడూ జవాబు రాదు. అయినా అడగడం మానను. మీరూ అడగండి.

చివరిగా మా నాన్న గురించి. ఆయనకిప్పుడు డెబ్బై ఐదు దాటాయి. నా దగ్గరే ఉంటాడు. పొద్దున్నే నేను కలిపిన కాఫీ తాగుతాడు, చికోరీ వేసింది. బాగుందనే అంటాడు. తాగగానే లేచి, మోకాళ్లు పట్టుకుంటూ సింకు దాకా నడిచి, తన గ్లాసు తనే కడిగి బోర్లిస్తాడు. "నాన్నా, అక్కడ పెట్టు, నేను కడుగుతాను" అని ఎన్నేళ్లుగానో చెప్తున్నాను. "అలవాటమ్మా" అంటాడు. చాలాకాలం అది ఆయన మంచితనం అనుకున్నాను. చూరులో గ్లాసు సంగతి ఆయన చెప్పిన రోజు దాకా.

మొన్న స్టడీ సర్కిల్ అయ్యాక పిల్లలు వెళ్లిపోతుంటే, ప్రశ్న అడిగిన ఆ తమ్ముడే నాన్న చేతిలోంచి గ్లాసు తీసుకుని, తన దాంతో పాటు కడిగి పెట్టాడు. వాడికి ఆ చూరు కథ అప్పటికి తెలియదు. ఇప్పుడు ఇది చదివి తెలుసుకుంటాడు.

విద్యార్థి మిత్రులకు ఈ వారం పని ఇది. మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి: మీ ఊరి కాఫీ హోటల్లో మీ గ్లాసు ఎక్కడుండేది? ఎప్పుడు, ఎవరు దాన్ని లోపలికి తెచ్చారు? వాళ్లు చెప్పింది తేదీతో, ఊరి పేరుతో రాసి పెట్టుకోండి. ఆ పెద్దవాళ్లు పోతే ఆ చరిత్రా పోతుంది. దాన్ని రాయడానికి ఇంకెవరూ రారు.

వచ్చే ఆదివారం చెప్పుల చరిత్ర. ఈసారి వాయిదా లేదు.

జై భీమ్.